లక్షా ఆరు వేల కిలోమీటర్లు

బెంగళూరులో ఎవరైనా కారు కొంటున్నామని చెబితే చాలు, విన్నవాళ్ళు వెంటనే "డీజిలా, పెట్రోలా?" అని అడుగుతారు. ఏ కంపెనీ, ఎంత ధర అన్నవి ఆ తర్వాతి సంగతులు. బ్యాంకు ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు, అందులో పదేళ్ళు అప్పుల విభాగంలోనే గడిపినవాణ్ణి గనుక నాకీ ప్రశ్న కొత్త కాదు. కారు అప్పు కోసం వచ్చిన మొగుడూ పెళ్ళాలు ఎందరో నా బల్లకు అవతలి వైపు కూర్చుని దీని మీదే వాదించుకున్నారు. నేను ఫారాలు సరిచూసుకుంటూ వినేవాణ్ణి. అడిగినా సలహా చెప్పేవాణ్ణి కాదు. అప్పిచ్చేవాడు బండి గురించి మాట్లాడకూడదని మా పాత మేనేజరుగారు నేర్పిన పాఠం.

పోయిన ఏడాది ఆ ప్రశ్న బల్ల దాటి నా వైపుకే వచ్చింది. మా పాత పెట్రోలు కారుకు 2025తో పదిహేనేళ్ళు నిండాయి. రిజిస్ట్రేషను పొడిగించాలంటే మళ్ళీ ఫిట్‌నెస్ పరీక్ష, ఫీజు, తిరుగుళ్ళు. ఆ కారుకు మొదటి రోజు నుండీ నేనొక డైరీ పెట్టాను. ఎక్కడ ఎన్ని లీటర్లు పోయించానో, మీటరు ఎంత చూపించిందో అందులో ఉంటుంది. మా ఆవిడ దాన్ని "కారు పాసుబుక్కు" అంటుంది. పదిహేనేళ్ళలో తిరిగింది 1,08,000 కిలోమీటర్లు, అంటే సగటున నెలకు 600. ఇలాంటివాడు డీజిలు కారు ఊసెత్తకూడదని లెక్క తెలిసిన ఎవరైనా చెబుతారు. నేను మాత్రం ఎత్తవలసి వచ్చింది. ఎందుకో చెప్పేముందు ఈ రెండు నూనెల చరిత్ర కొంత చెప్పాలి.

మాది బాగేపల్లి దగ్గర పల్లె. కర్ణాటకలోనే ఉన్నా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా ఊరి చుట్టుపక్కల సగంమంది కథ ఇదే గనుక దాన్ని విడమరచి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు మాకు తెలిసిన డీజిలు యంత్రం ఒక్కటే, బావి గట్టున ఉండే ఆయిలింజను. దాన్ని స్టార్టు చేయడం పిల్లల పని కాదు. నాన్న పైన లివరు ఎత్తి పట్టుకుని, హ్యాండిలు గిరగిరా తిప్పి, చక్రం జోరందుకున్నాక లివరు వదిలేవాడు. నాలుగు దగ్గులు దగ్గి, నల్లటి పొగ ఒక గుప్పెడు వదిలి, ఆ తర్వాత డుగ్గు డుగ్గుమంటూ సాయంత్రం దాకా తిరిగేది. వేరుశనగ చేనుకు నీళ్ళు పారేది దాంతోనే. డీజిలు బాగేపల్లి నుండి సైకిలు క్యారియరు మీద డబ్బాలో వచ్చేది. "పెట్రోలు దొరలది, డీజిలు మనది" అని నాన్న నవ్వుతూ అనేవాడు.

ఆ మాటలో చాలా నిజముంది. డీజిలు లారీలకు, బస్సులకు, ట్రాక్టర్లకు, ఆయిలింజన్లకు కావలసింది. దాని ధర పెరిగితే బియ్యం ధర, బస్సు చార్జీ అన్నీ పెరుగుతాయి. అందుకని ప్రభుత్వాలు ఏళ్ళ తరబడి దాన్ని తొక్కిపట్టాయి. 2010 జూన్‌లో పెట్రోలు ధరను మార్కెట్‌కు వదిలేసినా డీజిలును పట్టుకునే ఉన్నారు. దాంతో 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయల 18 పైసలు, డీజిలు 40 రూపాయల 91 పైసలు. తేడా 32 రూపాయలు! రైతు కోసం ఇచ్చిన రాయితీ అది. దాన్ని దొరలు పసిగట్టారు. డీజిలు కార్ల మీద అదనంగా 80,000 రూపాయల సుంకం వేయమని కిరీట్ పారిఖ్ కమిటీ 2010లోనే చెప్పింది. ఆ పని జరగలేదు. ఆ రోజుల్లో దేశంలో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిలువే. నా బల్ల మీదికి వచ్చే కొటేషన్లు చూస్తే నాకే తెలిసేది. ట్రాక్టరు అప్పు కోసం వచ్చిన రైతూ, పెద్ద కారు అప్పు కోసం వచ్చిన సాఫ్ట్‌వేర్ మేనేజరూ ఒకే వరసలో కూర్చునేవారు, ఇద్దరి బండికీ ఒకే నూనె. అందులో ఎవరి వాటా ఎక్కువో నేను చెప్పక్కర్లేదు.

ఆ మరుసటి నెల, 2012 జూన్‌లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ డీజిలు పొగను క్యాన్సరు కారకమని రూఢిగా తేలిన వాటి జాబితాలో చేర్చింది. మా శాఖలో ఆ సంగతి ఎవరి నోటా వినలేదు. 32 రూపాయల తేడా గురించి మాత్రం రోజూ వినేవాణ్ణి.

తర్వాత ఆట మారింది. 2013 జనవరి నుండి డీజిలు మీద నెలకు అర్ధ రూపాయి చొప్పున పెంచుతూ వచ్చారు. 2014 అక్టోబరులో పూర్తిగా వదిలేశారు. అప్పుడు ముడి చమురు ధర పడిపోతూ ఉండటంతో జనానికి నొప్పి తెలియలేదు. 2015లో జర్మనీ కంపెనీ వోక్స్‌వాగన్ డీజిలు కార్లు పొగ పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా నడిచేట్టు కిటుకు పెట్టిందని అమెరికాలో బయటపడింది. అదే ఏడాది జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగకూడదంది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 జూలైలో అలాంటి బండ్లకు బంకుల్లో నూనె పోయకూడదని మొదలుపెట్టి, గొడవ కాగానే కొద్ది రోజుల్లో ఆపేశారు. ఢిల్లీ నుండి బదిలీ మీద వచ్చిన మా సహోద్యోగి ఒకాయన డీజిలు అనే మాట వింటేనే చెవులు మూసుకుంటాడు. మన దక్షిణాదిలో ఆ పదేళ్ళ నియమం లేకపోయినా ఆ భయం మాత్రం రైలెక్కి ఇక్కడికీ వచ్చింది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ 2020 ఏప్రిల్ 1న పడింది. ఆ రోజు నుండి కొత్త బండ్లన్నీ బి.ఎస్.6 ప్రమాణాలకు లోబడాలి. డీజిలు కారు పొగలో మసి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుండి 4.5కు, నైట్రోజన్ ఆక్సైడ్లు 250 నుండి 80కి తగ్గాలి. అంత తగ్గించాలంటే ఇంజనుకు ఖరీదైన సామగ్రి తగిలించాలి. చిన్న కార్లలో ఆ ఖర్చు గిట్టదని మారుతి సంస్థ డీజిలు కార్లే మానేసింది. మిగిలిన కంపెనీలు కొన్ని ఇంకా చేస్తున్నాయి కానీ అమ్ముడయ్యే కార్లలో డీజిలువి ఇప్పుడు ఐదో వంతు కూడా లేవు.

నేను కామర్సు చదివినవాణ్ణి. ఇంజను పైకప్పు ఎత్తితే నాకు కనబడేది బ్యాటరీ ఒక్కటే. అయినా ఈ కొనుగోలు పుణ్యమా అని కొంత నేర్చుకున్నాను. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే మంట పుడుతుంది. డీజిలు ఇంజనుకు ప్లగ్గుతో పని లేదు. గాలిని బాగా ఇరుకున బెట్టి నొక్కితే అదే వేడెక్కుతుంది, ఆ వేడి గాలిలోకి నూనె చిమ్మితే అంటుకుంటుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది చూడండి, అదే సూత్రం. ఎక్కువ నొక్కడం వల్ల అదే నూనెతో ఎక్కువ పని జరుగుతుంది. పైగా లీటరు డీజిలులో ఉన్న శక్తే లీటరు పెట్రోలు కన్నా పది శాతం పైచిలుకు ఎక్కువ. మైలేజి రహస్యం ఈ రెండే. దీన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1913లో ఇంగ్లండుకు ఓడలో వెళ్తూ రాత్రికి రాత్రి మాయమయ్యాడు, సముద్రంలో శవమై తేలాడు. ఆయన ఇంజను ఒకటి 1900లో పారిస్ ప్రదర్శనలో వేరుశనగ నూనెతో నడిచిందని చదివినప్పుడు నాకు మా బావి గట్టు గుర్తొచ్చింది. ఆ సంగతి నాన్నకు తెలిసి ఉంటే డబ్బా పట్టుకుని బాగేపల్లి పోయేవాడో, గానుగ దగ్గరికి పోయేవాడో!

పెట్రోలు సంగతి కూడా మారిపోయింది లెండి. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును ప్రధానమంత్రి 2023 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే ప్రారంభించారు. 2025 నాటికి దేశమంతా అదే అయింది. చెరకు నుండి, మొక్కజొన్న నుండి, నూకల నుండి తీసే ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ. ఐదో వంతు కలిపితే లెక్క ప్రకారం ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. ధర మాత్రం తగ్గలేదు. దొరల పెట్రోలులోకి రైతు పంట చేరింది, రైతు డీజిలు దొరల కార్లలోకి చేరింది. ఏ నూనె ఎవరిదో ఇప్పుడు నాన్న కూడా చెప్పలేడు.

ఇక ఊళ్ళో తిరగడానికి ఏది మేలు? ఈ ప్రశ్నకు బెంగళూరు రోడ్లే జవాబు చెబుతాయి. 2022లో ఈ నగరం నడిబొడ్డున పది కిలోమీటర్లు పోవడానికి సగటున 29 నిమిషాల 10 సెకన్లు పట్టిందని టామ్‌టామ్ అనే సంస్థ లెక్కగట్టింది. ప్రపంచంలో అంతకన్నా నెమ్మదైన నగరం ఆ ఏడాది లండన్ ఒక్కటేనట. కొత్త డీజిలు బండ్లకు ఈ నత్తనడక పడదు. పొగగొట్టంలో మసిని పట్టుకునే జల్లెడ ఒకటి ఉంటుంది. అది నిండాక అందులోని మసిని అప్పుడప్పుడు కాల్చేసుకోవాలి. దానికి సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద ఒక పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా పోతే ఆ పని దానంతటదే జరిగిపోతుంది. మల్లేశ్వరం నుండి జయనగర్ పోయి రావడం తప్ప ఇంకేమీ ఎరగని డీజిలు కారుకు జల్లెడ పూడుకుపోతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది, షెడ్డులో వేలకు వేలు బిల్లవుతుంది. మా వీధి మెకానిక్ దీన్ని ఒక్క ముక్కలో చెప్పాడు: "సార్, ఈ బండిని వారానికొకసారి ఊరు దాటించాలి, లేకుంటే అలుగుతుంది."

మా అమ్మాయి ఎలక్ట్రిక్ కారు కొనమంది. మా అపార్టుమెంటులో చార్జింగు పాయింటు మీద సంఘంవాళ్ళ చర్చ రెండేళ్ళుగా నడుస్తూనే ఉంది. మా పల్లెలో కరెంటు ఎప్పుడుంటుందో కరెంటుకే తెలియాలి. "నీ తరానికి అదే, నా తరానికి ఇదే" అని ఆ మాట అంతటితో ముగించాను.

ఇక లెక్కకు వస్తాను. నేను చూసిన మోడలు రెండు రకాలుగానూ దొరుకుతుంది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు ఇంజను 1200 సి.సి., డీజిలు 1500 సి.సి. అయితే 2025 సెప్టెంబరు 22 నుండి రెండింటికీ జి.ఎస్.టి. ఒకటే, 18 శాతం. అక్కడ తేడా లేదు. కానీ డీజిలు బండి అసలు ధరే ఎక్కువ. పది లక్షలు దాటిన కారుకు కర్ణాటకలో జీవితకాల పన్ను 17 శాతం, ఆ పన్ను మీద సెస్సు. ఎక్కువ ధర మీద ఎక్కువ పన్ను, ఎక్కువ ఇన్సూరెన్సు. అన్నీ కలిపి రోడ్డెక్కేసరికి తేడా 1,80,000 రూపాయలు తేలింది.

నూనె ధరలు చూడండి. కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో పెట్రోలు మీద అమ్మకపు పన్ను 29.84 శాతానికి, డీజిలు మీద 18.44 శాతానికి పెంచింది. 2025 ఏప్రిల్‌లో డీజిలు పన్నును మళ్ళీ 21.17కు లాగింది. దాంతో బెంగళూరులో నేను లెక్క వేసిన నాటికి పెట్రోలు దగ్గర దగ్గర 102.90, డీజిలు 91. ఒకప్పటి 32 రూపాయల తేడా 12కు వచ్చింది. అయినా ఆంధ్ర కన్నా మనమే నయం. అక్కడ పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, ఆపైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే బాగేపల్లి దాటేలోగా హైదరాబాదు రోడ్డు మీద బంకుల దగ్గర ఆంధ్రా నెంబరు బండ్లు బారులు తీరి ఉంటాయి. సరిహద్దులో భాష మారదు గానీ రేటు మారుతుంది.

పెట్రోలు బండి లీటరుకు 14, డీజిలు బండి 18 కిలోమీటర్లు ఇస్తాయనుకున్నాను. కంపెనీవాళ్ళ అంకె కాదు, ఆ బండ్లు నడిపేవాళ్ళను అడిగి వేసుకున్న అంకె. కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 7.35, డీజిలు ఖర్చు 5.06. అంటే కిలోమీటరుకు మిగిలేది 2 రూపాయల 29 పైసలు. 1,80,000ను 2.29తో భాగించి 78,600 కిలోమీటర్లకు అసలు వచ్చేస్తుందని చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు వడ్డీని మరచిపోతారు. నాకు స్టాఫ్ లోను చౌకగానే దొరుకుతుంది. అయినా లెక్క చూసేటప్పుడు బయటివాడికి పడే వడ్డీయే వేయాలన్నది నా పద్ధతి. తొమ్మిది శాతం మీద ఏడేళ్ళకు ఈ అదనపు లక్షా ఎనభై వేలకు నెల వాయిదా 2,896 రూపాయలు. దాన్ని 2.29తో భాగిస్తే నెలకు 1,265 కిలోమీటర్లు. ఏడేళ్ళూ నెలనెలా అంత తిరిగితే, అంటే లక్షా ఆరు వేల కిలోమీటర్లు తిరిగితే, డీజిలుకు పెట్రోలుకు చెల్లు. ఏడేళ్ళు ఎందుకంటే నా రిటైర్మెంటుకు సరిగ్గా అన్నే ఉన్నాయి.

ఊళ్ళో నా తిరుగుడు నెలకు 400. ఆఫీసుకు మెట్రోలోనే పోతాను. మిగిలినది ఒక్కటే దారి, మల్లేశ్వరం నుండి హెబ్బాళ, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం మీదుగా మా ఊరికి. పోయి రావడానికి 200 కిలోమీటర్లు. అక్కడ మా అమ్మ ఉంది.

అమ్మకు 79. నాన్న 2023లో పోయాక బెంగళూరు రమ్మంటే రాలేదు. వస్తుంది, నాలుగు రోజులుంటుంది, ఐదో రోజు చింతచెట్టుకు ఎవరైనా రాళ్ళేస్తున్నారేమో అంటుంది. చెట్టు కాపు అయిపోతే ఇంకేదో గుర్తొస్తుంది. నేను నెలకు రెండుసార్లు వెళ్తున్నాను. పక్కింట్లో తోడుగా ఉండే పిన్ని కిందటేడు కొడుకు దగ్గరికి హోసూరు వెళ్ళిపోయింది. అమ్మకు చక్కెర వ్యాధి. కంటి చూపు తగ్గుతోంది, మాత్రల రంగులు కలగలిసిపోతున్నాయి. ఇక వారం వారం వెళ్ళాలని మా ఆవిడా నేనూ అనుకున్నాం.

కాగితం మీద రాసుకున్నాను. నెలకు రెండుసార్లు అయితే 400, ఊళ్ళో తిరిగే 400, వెరసి 800. డీజిలు కొంటే నెలకు 1,064 రూపాయలు నష్టం. కళ్ళు మూసుకుని పెట్రోలు కొనవచ్చు. నాలుగుసార్లు అయితే 1,200. కావలసిన 1,265కు 65 తక్కువ.

అంతా ఆ గడిలో రెండు వేస్తానా, నాలుగు వేస్తానా అన్నదాని మీదే ఆగిపోయింది. మా దగ్గరికి అప్పుకు వచ్చే వ్యాపారులు రాబోయే ఏడేళ్ళ అమ్మకాలు అంచనా వేసి పట్టిక తెస్తారు. గడచిన మూడేళ్ళలో ఎంత చేశావు, ఇప్పుడు రెట్టింపు ఎలా చేస్తావు అని అడుగుతాం. జవాబు లేకపోతే వెనక్కి పంపుతాం. నా డైరీలో ఉన్నది నెలకు రెండు. నాలుగు వేస్తే దానికి వెనక ఆధారం లేదు. పైగా ఈ పట్టికలో ఏడో సంవత్సరం దగ్గర కలం ఆగింది. ఆ ఏడు అమ్మకు 86. నాలుగు అని 84 నెలలకూ వేయడమంటే ఏమిటో నాకు తెలుసు. జాగ్రత్తగల అధికారి అయితే మొదటి మూడేళ్ళు నాలుగు, తర్వాత రెండు, ఆపైన... ఆ అంకె వేయడానికి నాకు చెయ్యి రాలేదు. పెట్రోలు బండి కొంటే ఆ గడి నింపకుండానే తప్పించుకోవచ్చు. ఎంత తిరిగినా తిరగకపోయినా అది అలగదు. రెండు వారాలు ఆ కాగితం బీరువాలో ఉండిపోయింది.

ఆ మధ్య ఊరికి వెళ్ళినప్పుడు అమ్మతో కారు మాట చెప్పాను. డీజిలుదైతే ఇలా, పెట్రోలుదైతే అలా అని చెబుతుంటే చింతపండు గింజలు తీస్తూ వింది. "ఏ నూనైతే ఏమప్పా, పొద్దు మునిగేలోగా వస్తే చాలు" అంది.

తిరిగొచ్చాక కాగితం తీసి గడిలో నాలుగు వేశాను, 84 నెలలకూ. నెలకు 65 కిలోమీటర్ల కొరత, అంటే 149 రూపాయల నష్టం. అది భరించదగిన నష్టమేనని కింద రాసుకున్నాను. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూసింది.

"వారం వారం అన్నారు కదా, నాలుగేమిటి?"

"నెలకు నాలుగు వారాలే కదా."

"ఏడాదికి ఆదివారాలు నలభై ఎనిమిదా ఏమిటి? యాభై రెండు."

మళ్ళీ వేశాను. యాభై రెండును రెండు వందలతో హెచ్చించి పన్నెండుతో భాగిస్తే 867. ఊళ్ళో తిరిగే 400 కలిపితే 1,267. నెలకు రెండు కిలోమీటర్లు మిగులు. సోమవారం భోజన విరామంలో వెళ్ళి డీజిలు బండికి అడ్వాన్సు కట్టి వచ్చాను.

బండి చేతికొచ్చి మూడు నెలలయింది. ఇది రాస్తున్న వేళకు మీటరు మీద 3,640 ఉంది. లెక్క ప్రకారం 3,795 ఉండాలి. ఒక ఆదివారం ఆడిట్ పని పడింది.